బోటు ట్రైలర్ హైడ్రాలిక్ బ్రేకులు: ఎయిర్ తీసుడు ఆఖరి పని (నా అనుభవం)

మా బోటు ట్రైలర్ ఎడమ చక్రం వేడెక్కుడు మొదలైనంక ఎవరిని అడిగినా రెండే మాటలు చెప్పిండ్రు. ఒకటి, "ఎయిర్ పట్టింది, నిపుల్ విప్పి ఎయిర్ తియ్యి, అయిపోతది" (అంటే బ్రేకు ఆయిల్ లైనుల గాలి చేరింది, చక్రం కాడ ఉండే సన్న మర, అదే నిపుల్, విప్పి ఆ గాలి తీసెయ్యి అని). రెండోది, "ట్రైలర్‌కు బ్రేకులెందుకు, పైపు మూసెయ్యి, ముందు గుంజే బొలెరో పికప్పుకు ఉన్నయి కదా". ఈ రెండూ తప్పే అని పని మొత్తం అయినంక గట్టిగ చెప్పగలుగుతున్న. మన వరంగల్, ములుగు, భూపాలపల్లి దిక్కు బోటు ట్రైలర్లు చానా తక్కువ, ఉన్నకాడ కూడ బ్రేకులున్న ట్రైలర్ ఇంకా తక్కువ, అందుకే మెకానిక్‌లకు కూడ ఇది కొత్తగ అనిపిస్తది. కాని లోపట ఉన్నది మన పాత జీపుల ఉన్నదే, భయపడేది ఏం లేదు. ఎవరికన్నా పనికొస్తదని చేసింది చేసినట్టు రాస్తున్న.

ముందు బండి సంగతి. మాది 16 అడుగుల ఫైబర్ బోటు, వెనక మోటరు, దాంతోటి వలలు, ఐస్ పెట్టెలు, అంతా కలిపి టన్నుకు దగ్గర పడతది. ఎండకాలం చెరువుల నీళ్లు తగ్గి చేపలు పట్టే టైముల ఒక ఊరి చెరువు నుంచి ఇంకో ఊరి చెరువుకు బోటును తిప్పుడే మా పని. ఈ దిక్కు చెరువులంటే తెలిసిందే, రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం, కాకతీయులు కట్టిన పెద్ద పెద్ద కట్టలు, వాటి చుట్టూ ఊరూరికి ఉన్న చిన్న చెరువులు. కట్ట ఎక్కుడు దిగుడు అంటే మామూలు రోడ్డు కాదు, మట్టి దారి, దిగుడు నిట్టనిలువుగ ఉంటది. ఆ దిగుడుల వెనక నుంచి టన్ను బరువు పికప్పును తోస్తుంటే ముందు బండి బ్రేకు ఒక్కటే ఆపాలంటే పికప్పు వెనక టైర్లు జారతయి, ట్రైలర్ పక్కకు మలుగుతది. బ్రేకులు మూసేయమన్నోళ్లు ఒక్కసారి లోడుతోటి కట్ట దిగి చూస్తే ఆ మాట మళ్లా అనరు.

మా ట్రైలర్ బయటి దేశంల తయారైంది, సెకండ్‌హ్యాండ్‌ల తీస్కున్నం. సింగిల్ యాక్సిల్, 10 ఇంచుల డ్రమ్ములు (చక్రంతోటి తిరిగే ఇనుప గిన్నెలు), సర్జ్ బ్రేకు. సర్జ్ బ్రేకు అంటే పికప్పు నుంచి ట్రైలర్‌కు బ్రేకు పైపు ఏదీ రాదు. ట్రైలర్ ముక్కు మీద ఉన్న కప్లర్ (పికప్పుకు తగిలించే భాగం) ముందుకు వెనక్కు జారేటట్టు ఉంటది, దాని లోపట ఒక మాస్టర్ సిలిండర్ ఉంటది. పికప్పు స్లో అయితే ట్రైలర్ తన ఊపుతోటి ముందుకు తోసుకొస్తది, ఆ తోపుకు కప్లర్ లోపటికి జారి మాస్టర్ సిలిండర్ రాడ్‌ను నొక్కుతది, అక్కడ నుంచి ఆయిల్ పైపుల పోయి రెండు చక్రాల వీల్ సిలిండర్లల్ల పిస్టన్లను బయటికి నెడతది, బ్రేకు షూలు డ్రమ్ముకు తగులుతయి. ట్రైలర్ ఎంత గట్టిగ తోస్తే అంత గట్టిగ బ్రేకు పడతది. కరెంటు లేదు, వైరు లేదు. చాలా తెలివైన ఏర్పాటు, నాకైతే మస్తు నచ్చుతది.

రోగం ఎట్లుండె అంటే, బ్రేకు కొట్టినప్పుడు కప్లర్ ఆఖరిదాక లోపటికి పోయి ధడ్ మని గుద్దుతుండె, అంటే ఆయిల్ ప్రెషర్ నిలుస్తలేదు. ఇంకో దిక్కు ఎడమ చక్రం కాలుతుండె, ములుగు రోడ్డు మీద పోతుంటే లైనర్ (షూ మీద ఉండే, డ్రమ్ముకు రాసుకునే పట్టీ) మాడిన వాసన. ఒక్క ట్రైలర్‌కే బ్రేకు పడకపోవుడు, బ్రేకు వదలకపోవుడు రెండూ ఒక్కసారే. ఎయిర్ తీస్తే మొదటిది కొన్ని రోజులు బాగైతదేమో, రెండోది కానే కాదు. అందుకే ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయినం. ఆటోనగర్ దిక్కు పాత జీపుల మీద చేతులు తిరిగిన మనిషి, పెద్దాయన. చూడంగనే ఒక్క మాట అన్నడు, "ఎయిర్ దానంతట అది రాదు బేటా, ఆయిల్ పోయిన తొవ్వలనే ఎయిర్ వస్తది. ఆయిల్ ఎక్కడ పోయిందో ముందు చూడాలె."

ఇదే అసలు సంగతి. సీల్ చేసిన లైనుల ఎయిర్ ఊరికే పుట్టదు. ఎక్కడో వీల్ సిలిండర్ రబ్బరు పోయి చుక్క చుక్క కారుతది, మాస్టర్ సిలిండర్ మీది ట్యాంకుల ఆయిల్ లెవల్ దిగుతది, అది రంధ్రం కిందికి దిగినంక మాస్టర్ సిలిండర్ ఆయిల్‌కు బదులు గాలి గుంజుతది. ఆయిల్‌ను నొక్కితే నలగదు కాబట్టి ముందు నొక్కిన బలం వెనక చక్రం దాక పోతది, గాలి మాత్రం నలుగుతది, మన బలం అంతా ఆ గాలిని నలిపెటందుకే ఖర్చయితది. లీకు వదిలేసి ఎయిర్ ఒక్కటే తీస్తే మళ్లా అదే లీకు, మళ్లా అదే గాలి.

పని షురూ చేసేముందు రెండు టైర్ల కింద రాళ్లు పెట్టి, పికప్పు తప్పించి, ముక్కు కింద స్టాండు పెట్టి, యాక్సిల్‌ను రెండు దిక్కుల జాకీతోటి లేపి గట్టి స్టాండ్ల మీద కూసోబెట్టినం. ఉత్త జాకీ మీద పెట్టి కిందికి దూరొద్దు, ఇది ఎంత చెప్పినా తక్కువే. ఇంకోటి, కప్లర్ దగ్గర ఒక సన్న కేబుల్ ఉంటది, ట్రైలర్ తెగిపోతే అది గుంజుకొని బ్రేకును లాక్ చేస్తది. ఆ కేబుల్ ఎప్పుడన్నా గుంజుకొని ఉంటే బ్రేకు పట్టుకొనే ఉంటది, చక్రం వేడెక్కుతది, మనం లోపటంతా విప్పి చూసినా ఏం దొరకదు. కాబట్టి ముందు అది చూడాలె. మాది మంచిగనే ఉండె.

కుడి చక్రం చేతితోటి తిప్పితే సాఫీగ తిరిగింది, ఎడమది కదలలే. ఇక్కడ ఉస్తాద్ చేసిన పరీక్ష అందరికీ పనికొస్తది. పట్టుకున్న చక్రం నిపుల్ కొంచెం విప్పాలె. విప్పంగనే ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే లైనుల ప్రెషర్ ఇరుక్కున్నట్టు, అంటే తప్పు ముందట ఉంది. ఛాసీ నుంచి యాక్సిల్‌కు వచ్చే రబ్బరు హోస్ లోపట ఉబ్బి మూస్కపోయి ఉండొచ్చు, పైకి కొత్తగనే కనిపిస్తది కాని ఆయిల్‌ను పోనిస్తది, తిరిగి రానియ్యదు. లేదంటే మాస్టర్ సిలిండర్ల ఆయిల్ వాపస్ వచ్చే సన్న రంధ్రం మూస్కపోయి ఉండొచ్చు, లేదంటే రాడ్‌కు సందు లేక అది ఎప్పుడూ నొక్కే ఉంటది. నిపుల్ విప్పినా చక్రం ఫ్రీ కాకపోతే తప్పు డ్రమ్ము లోపట ఉన్నట్టు. మాది నిపుల్ తుప్పు పట్టి విరిగేటట్టుంటే ఆ పైపు నట్టు వదులు చేసి చూసినం. ఆయిల్ చెమ్మ వచ్చింది అంతే, చక్రం కదలలే. అంటే డ్రమ్ము లోపటనే.

డ్రమ్ము రావాలంటే ముందు షూలను వెనక్కు తిప్పాలె. వెనక ప్లేటుకు అడుగున ఒక రబ్బరు మూత ఉంటది, అది తీసి స్క్రూడ్రైవర్‌తోటి లోపటి పండ్ల చక్రం తిప్పితే షూలు ఒకదానికొకటి దగ్గరై డ్రమ్మును వదులుతయి. మాది అది కూడ తుప్పు పట్టింది. డబ్ల్యూడీ-40 (తుప్పును వదులు చేసే స్ప్రే) కొట్టి ఒక పూట ఇడిచిపెట్టి, సుత్తితోటి డ్రమ్ము అంచుల మీద మెల్లగ కొట్టుకుంట తీసినం. లోపట చూస్తే ఎండిన ఒండ్రు మట్టి. సముద్రం కాడ ట్రైలర్లను ఉప్పు నీళ్లు తింటయి, మనకు ఉప్పు లేదు కాని చెరువు ఒండ్రు ఉంది, అది డ్రమ్ముల చేరి రోజుల తరబడి తడి పట్టుకొని కూసుంటది, ఇనుమును మెల్లగ అదే తింటది. స్ప్రింగులు పలచబడ్డయి, వీల్ సిలిండర్ ఒక దిక్కు పిస్టన్ తుప్పుతోటి అతుక్కపోయింది, రెండో దిక్కు రబ్బరు బూటు తీస్తే లోపట ఆయిల్ తడి. అంటే ఒక పిస్టన్ బయటికొచ్చి వెనక్కు పోతలేదు, అందుకే వేడి. ఇంకో పిస్టన్ రబ్బరు కారుతుంది, అందుకే ఆయిల్ దిగింది, అందుకే గాలి. రెండు రోగాలకు ఒక్కటే సిలిండర్.

ఒక మాట, డ్రమ్ముల దుమ్మును నోటితోటి గాని కంప్రెసర్ గాలితోటి గాని ఊదొద్దు. పాత లైనర్లల్ల ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు కొట్టి తడి చేసి కడిగినం, మూతికి గుడ్డ కట్టుకున్నం.

రెండు దిక్కుల ఒక్కసారి విప్పొద్దని ఉస్తాద్ మా బామ్మర్దికి గట్టిగ చెప్పిండు. ఎడమది విప్పినప్పుడు కుడిది ఉండాలె, ఏ స్ప్రింగు ఏ రంధ్రంల ఉండేనో దాన్ని చూసి పెట్టుకోవచ్చు. ఫోన్ల ఫోటోలు కూడ తీసినం. ఈ రకం డ్రమ్ముల రెండు షూలు ఒక్క తీరు ఉండవు, ఒకదాని లైనర్ పొట్టిగ, ఇంకోదాని లైనర్ పొడుగు. పొట్టిది బండి ముందు దిక్కు, పొడుగుది వెనక దిక్కు రావాలె. ముందుకు తిరిగే డ్రమ్ము ముందు షూను గుంజుతది, అది కింద పండ్ల చక్రం ద్వారా వెనక షూను నెడతది, ఎక్కువ పని వెనకదే. తారుమారు పెడితే బ్రేకు సరిగ పడదు.

ఎడమ లైనర్లు ఆయిల్ తాగినయి. వాటిని పెట్రోల్‌ల కడిగి ఎమెరీ కాయితం కొట్టి మళ్లా పెట్టేటోళ్లు ఉంటరు, నేను ఒప్పుకోలే. లైనర్ లోపటికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లా పైకి వస్తది. నాలుగు షూలకు కొత్త లైనర్లు కొట్టించినం, ఒక్క దిక్కు కొత్తవి ఇంకో దిక్కు పాతవి పెడితే బ్రేకు కొట్టినప్పుడు ఒక దిక్కు గుంజుతది. డ్రమ్ములు లేతుకు పంపి లోపట సాఫు చేపిచ్చినం, డ్రమ్ము మీద ఎంతదాక కోయొచ్చో సైజు అచ్చు ఉంటది, అది దాటితే డ్రమ్ము పలచబడి వేడికి పగులుతది.

వీల్ సిలిండర్ దగ్గర అసలు కష్టం వచ్చింది. సిలిండర్ లోపట తుప్పు గుంతలు పడ్డయి. గుంతలు పడ్డకాడ కొత్త రబ్బరు పెట్టినా అది కోసుకుపోయి మళ్లా కారుతది. ఈ మోడల్ సిలిండర్ వరంగల్‌ల దొరకలే, హైదరాబాద్‌ల అడిగితే నెలలు పడతదన్నరు. సీజన్ల అన్ని రోజులు బోటు ఆపలేం. అప్పుడు ఉస్తాదే తొవ్వ చూపిచ్చిండు, లేతుల బోరు చేసి లోపట ఇత్తడి స్లీవ్ (గొట్టం) వేపిచ్చుడు. పాత జీపులకు, ట్రాక్టర్లకు మనోళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. ఇత్తడికి తుప్పు పట్టదు కాబట్టి నీళ్లల దిగే ట్రైలర్‌కు ఇంకా మంచిది. లేతు మనిషి అసలు సైజుకే తీసిచ్చిండు, లోపట వేలు పెడితే అద్దం తీరు నున్నగ. రబ్బరు కప్పుల మీదనే సైజు అచ్చు ఉంటది, దాన్ని బట్టి రబ్బర్ల కిట్టు దొరికింది. కుడి సిలిండర్‌కు కూడ స్లీవ్ వేపిచ్చినం, అది ఇంకా కారుతలేదు కాని అదే నీళ్లల అన్నేండ్లే ఉంది.

రబ్బర్లు పెట్టేటప్పుడు కప్పు నోరు లోపటికి, స్ప్రింగు దిక్కు ఉండాలె, ప్రెషర్ వచ్చినప్పుడు ఆ నోరు తెరుచుకొని గోడకు అంటుకుంటది. తడిపెటందుకు బ్రేకు ఆయిలే వాడాలె. గ్రీజు, ఇంజన్ ఆయిల్, కిరోసిన్, పెట్రోల్ ఏదీ ముట్టనియ్యొద్దు, అవి తగిలితే ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడతది. డబ్బాల నుంచి గరాటు దాక ఇంజన్ ఆయిల్ ముట్టిన ఏ సామాను బ్రేకు పనికి పెట్టొద్దని ఉస్తాద్ తన షాపుల వేరే గరాటే పెట్టుకున్నడు, చూసి సంతోషమైంది.

ఇగ పైపులు. యాక్సిల్ మీద పోయే ఇనుప పైపు క్లిప్పుల కింద పొక్కులు పొక్కులు తుప్పు. నట్లు పైపుకు అంటుకపోయినయి, పానా పెడితే నట్టుతోటి పైపు మెలికపడింది. ఇట్లాంటప్పుడు పైపు మీద జాలి పడొద్దు, కోసి మొత్తం కొత్తది వేసుడే. మా దాని నట్లు ఇంచు చూడీలు (మరలు), ఇప్పటి బండ్లవి మిల్లీమీటర్ చూడీలు, కొంచెం ఎక్కి ఆగిపోతయి, బలవంతంగ తిప్పితే సిలిండర్ చూడీ పోతది. ఉస్తాద్ పాత జీపు పైపు నట్టు తెచ్చి వేళ్లతోటి తిప్పితే సాఫీగ దిగింది, అట్ల దొరికింది మాకు సరైన నట్టు. చూడీ సరైందా కాదా అని చెప్పేది వేళ్లే, వేళ్లతోటి నాలుగు చుట్లు పోకుంటే పానా పెట్టొద్దు.

ఫ్రిజ్ రాగి పైపు వేద్దాం, తుప్పు పట్టదు, మలుచుడు అల్కగ అని ఒకాయన సలహా ఇచ్చిండు. ఉస్తాద్ వద్దన్నడు. ఉత్త రాగి వణుకుకు గట్టిపడి ఒకరోజు చిట్లుతది, బ్రేకు ప్రెషర్ ఫ్రిజ్ ప్రెషర్ తీరు కాదు. బ్రేకుకని అమ్మే ఇనుప పైపే తెచ్చి, నట్టు ముందు ఎక్కించి (ఫ్లేరింగ్ అంటే పైపు నోరు వెడల్పు చేసుడు, అది చేసినంక నట్టు ఎక్కదు), పైపు నోరు రెండు మడతల ఫ్లేరింగ్ చేసిండు. ఒక్క మడత ఫ్లేరింగ్ బ్రేకు ప్రెషర్‌కు పగులుతది. లోపట ఇనుప పొడి లేకుండ స్పిరిట్ కొట్టి గాలి ఊది కడిగినం. పైన రెండు కోట్లు రంగు వేసి, క్లిప్పు పడేకాడల్లా రబ్బరు ముక్క చుట్టినం, ఎందుకంటే పాత పైపు తుప్పు పట్టిన చోట్లు అన్నీ క్లిప్పు కిందనే, నీళ్లు నిలిచేది అక్కడనే. ఛాసీ నుంచి యాక్సిల్‌కు వచ్చే రబ్బరు హోస్ కూడ కొత్తదే వేసినం.

మాస్టర్ సిలిండర్ మూత తీస్తే ఆయిల్ నల్లగ, అడుగున బురద తీరు. బ్రేకు ఆయిల్‌కు గాలిల తేమను గుంజుకునే గుణం ఉంటది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాక మరగొద్దు, తేమ పట్టినంక అది 140 డిగ్రీలకు దిగుతది. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. దిగుడుల షూలు కాలినప్పుడు తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరైతది, ఆవిరి కూడ గాలి తీర్గనే నలుగుతది, బ్రేకు అప్పటికప్పుడు మాయమైతది. పైగా ఆ తేమే లోపట నుంచి సిలిండర్లకు తుప్పు తెస్తది. మా దాని మూత మీద డాట్ 3 అని రాసి ఉంది, అదే సీలు తీయని కొత్త డబ్బా తెచ్చినం. డాట్ 5 అని సిలికాన్ ఆయిల్ ఒకటి ఉంటది, దాన్ని వీటితోటి కలపొద్దు. మాస్టర్ విప్పి చూస్తే లోపట గోడ నున్నగనే ఉంది, రబ్బర్లు మార్చి, ఆయిల్ వాపస్ వచ్చే సన్న రంధ్రాన్ని సన్నటి వైరుతోటి సాఫు చేసి, రాడ్‌కు కొంచెం సందు ఉందా చూసి బిగించినం.

హబ్బుల బేరింగులు కూడ అప్పుడే చూసినం, డ్రమ్ము ఎట్లాగూ చేతుల ఉంది కదా. ఎడమ దాంట్ల గ్రీజు చాయ్ రంగుకు తిరిగింది, అంటే నీళ్లు పోయినయి. ఇది ఎట్లయితదంటే, కాలిన హబ్బును అట్లనే చెరువుల దింపితే లోపటి గాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుంటది, ఆయిల్ సీలు సందుల నుంచి నీళ్లను గుంజుకుంటది. పాత గ్రీజు అంతా కడిగి, కొత్తది రోలర్ల మధ్యల ఎక్కేదాక అరచేతిల నొక్కి నొక్కి పెట్టి, కొత్త సీలు, కొత్త స్ప్లిట్ పిన్ వేసినం.

ఎయిర్ తీసేముందు షూలు సెట్ చెయ్యాలె. ఇది చాలామంది తర్వాత చేస్తరు. షూలు డ్రమ్ముకు దూరంగ ఉంటే పిస్టన్లు చాలా దూరం రావాలె, సర్జ్ కప్లర్‌కు ఉండేదే కొంచెం జారుడు, అది అంతా ఆ సందు పూడ్చుడుకే పోతది, ఎయిర్ లేకున్నా ఎయిర్ ఉన్నట్టే అనిపిస్తది. పండ్ల చక్రాన్ని చక్రం తిరగనంత దాక బిగించి, మెల్లగ వెనక్కు వదులుకుంట, చేతితోటి తిప్పితే సన్నగ రాసుకునే చప్పుడు ఒక్కటే వచ్చేకాడ ఆపినం. రెండు దిక్కుల ఒకే తీరు.

ఇగ ఎయిర్ తీసుడు. ముందు మాస్టర్ సిలిండర్ల ఉన్న గాలిని అక్కడనే తీసినం, పైపు నట్టు వదులు చేసి బుడగలు ఆగేదాక మెల్లగ నొక్కుకుంట. తర్వాత మాస్టర్‌కు ఏ చక్రం పైపు పొడుగు ఉంటే ఆ చక్రం ముందు, మాకు కుడిది. నిపుల్‌కు పారదర్శకమైన సన్న పైపు గట్టిగ తొడిగి, దాని రెండో కొన ఒక సీసాల కొంచెం కొత్త ఆయిల్ పోసి అందుట్ల ముంచినం, నిపుల్ తెరిచి ఉన్నప్పుడు వెనక్కు గుంజినా గాలి రాకుండ ఆయిలే వస్తది. సర్జ్ బ్రేకుకు పెడలు ఉండదు కదా, కప్లర్ అడుగున ఒక సందు ఉంటది, అందుట్ల పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టి మాస్టర్ రాడ్‌ను తోయాలె. మా బామ్మర్ది ముందట, నేను చక్రం కాడ, ఉస్తాద్ ఆయిల్ డబ్బా పట్టుకొని ట్యాంకు కాడ.

"నొక్కు" అంటే వాడు తోసి పట్టుకుంటడు, నేను నిపుల్ పావు చుట్టు తెరుస్త, ఆయిల్ బుడగలతోటి సీసాలకు వస్తది, నిపుల్ మూసి "వదులు" అంటే అప్పుడు వాడు వదలాలె. ముందు నిపుల్ మూసుడు, తర్వాత రాడ్ వదులుడు, ఈ వరుస తప్పితే బయటికి పోయిన గాలి అంతా వాపస్ వస్తది. స్పీడుగ కొట్టొద్దు, స్పీడుగ కొడితే పెద్ద బుడగ చిన్న చిన్నవై నురుగు తీరు ఆయిల్‌ల కలిసిపోతది, అది తీయాలంటే గంటలు ఆగాలె. "బావా, ఇంకా మెత్తగనే ఉంది" అని వాడు అంటూనే ఉండె, ఉస్తాద్ "ఆయిల్ రంగు చూడుండ్రి, చేతిని నమ్మకుండ్రి" అన్నడు. ముందు నల్లగ, తర్వాత తేనె రంగు, ఆఖరికి డబ్బాల ఉన్న రంగే సీసాల పడింది, బుడగ ఒక్కటి లేదు. ట్యాంకుల లెవల్ సగం కిందికి దిగకముందే ఉస్తాద్ పోసుకుంట ఉన్నడు, ఒక్కసారి ట్యాంకు ఖాళీ అయితే మళ్లా మొదటి నుంచే.

తర్వాత ఎడమది, తర్వాత మళ్లా ఒకసారి కుడిది. నిపుల్ సిలిండర్‌కు పై దిక్కున ఉందా లేదా అని కూడ చూస్కోవాలె, గాలి పైకే పోతది, నిపుల్ కింద ఉంటే ఎంత తీసినా పైన ఒక బుడగ ఉండనే ఉంటది. ఎడమ సిలిండర్ కుడికి, కుడిది ఎడమకు పడితే ఇదే అయితది.

అయినంక రాడ్ గట్టిగ నొక్కి పట్టుకుంటే బామ్మర్ది చెయ్యి కొంచెం దూరం పోయి రాయి తాకినట్టు ఆగింది. అట్లనే పట్టుకొని అన్ని నట్ల కాడ తెల్ల కాయితం పెట్టి చూసినం, చెమ్మ లేదు. రాడ్ వదలంగనే రెండు చక్రాలు ఫ్రీ. సీసాల పడ్డ ఆయిల్ మళ్లా వాడొద్దు, కొత్తగ కనిపించినా. రంగు మీద చుక్క పడితే అప్పుడే నీళ్లతోటి కడగాలె, బ్రేకు ఆయిల్ పెయింటును లేపుతది.

మొదటిసారి ఖాళీ ట్రైలర్‌తోటి ఖాళీ రోడ్డు మీద మెల్లగ పోయి బ్రేకులు కొట్టి చూసినం. ధడ్ మనే గుద్దుడు లేదు. ఆగి హబ్బుల దగ్గర చెయ్యి వెనక భాగం పెట్టి చూస్తే రెండూ ఒకే తీరు గోరువెచ్చగ. చక్రం బోల్టులు కొంత దూరం పోయినంక మళ్లా బిగించినం. తర్వాత బోటు ఎక్కించి కట్ట దిగినం, పికప్పు నిమ్మళంగ దిగింది, వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టే అనిపించింది. ఆ దిగుడు చూసినంక మాకు చేపల కాంట్రాక్టుల కలిసే పెద్దమనిషి కూడ "బ్రేకు మూసెయ్యుమన్నది నేనే, ఇగ అనను" అన్నడు.

సర్జ్ బ్రేకుల ఇంకో సంగతి ఉంది, అది తెలియక చాలామంది బ్రేకు మీద కోపం చేస్కుంటరు. రివర్స్ కొట్టి బోటును నీళ్లలకు దింపేటప్పుడు పికప్పు ట్రైలర్‌ను నెడతది, నెడితే కప్లర్ లోపటికి జారి బ్రేకు పడతది, బండి వెనక్కు పోదు. దానికి ఒక పిన్ను ఇస్తరు, అది పెడితే కప్లర్ జారదు. కాని ఆ పిన్ను అట్లనే ఉంచి రోడ్డు ఎక్కితే ట్రైలర్‌కు బ్రేకే లేనట్టు. మేము పిన్నుకు ఎర్ర గుడ్డ కట్టినం, ముక్కు మీద ఎర్రది కనిపిస్తే బండిని రోడ్డు ఎక్కియ్యం.

చెరువు కాడికి పోయినంక డ్రమ్ములు చల్లబడేదాక ఆగుతున్నం, వలలు సర్దుకునే టైముకే చల్లబడతయి. బోటు తీసినంక బోరు నీళ్లతోటి డ్రమ్ముల లోపట పడేటట్టు కొడుతున్నం, వెనక ప్లేటు రంధ్రం నుంచి పైపు పెట్టి. తిరుగు ప్రయాణంల మొదటి కొంత దూరం మెల్లగ బ్రేకు ఆనించుకుంట పోతే షూలు ఆరతయి, తడి షూలకు పట్టు తక్కువ. ఆయిల్ ఏడాదికొకసారి, వానకాలం అయినంక మొత్తం మార్చాలని పెట్టుకున్నం.

ఇంత రాసుడు ఎందుకంటే ఈ దిక్కు బోట్లు చేపల కోసమే కాదు. 2023 జూలైల మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇండ్ల మీదికెక్కి కూసుంటే హెలికాప్టర్లు, బోట్లు వచ్చి తీయవలసి వచ్చింది. ఊర్లల్ల ఉన్న బోటు అర్ధరాత్రి వానల తడిసిన రోడ్డు మీద అవసరమున్న కాడికి చేరాలంటే ట్రైలర్ చక్రం తిరగాలె, ఆపితే ఆగాలె. ట్రైలర్ ఉన్నోళ్లు వానకాలం ముందే ఒకసారి జాకీ ఎత్తి రెండు చక్రాలు చేతితోటి తిప్పి చూడుండ్రి, ట్యాంకు మూత తీసి ఆయిల్ లెవల్, రంగు చూడుండ్రి. లెవల్ దిగి ఉంటే పైన పోసి ఊకోకుండ్రి, రబ్బరు బూట్లు ఎత్తి తడి ఎక్కడుందో ఎతకుండ్రి. మా దానికి ఇప్పటిదాక లెవల్ గీత దగ్గరనే ఉంది, కుడి హబ్బు సీలు కాడ మాత్రం కొంచెం గ్రీజు కనిపిస్తుంది, వచ్చే వారం అది విప్పాలె.